127 పళ్ల గేరు: 84వ పన్ను దాకా బాగానే వచ్చింది

మా షెడ్డులో లేత్ పాత ఇంచుల మెషీన్. మర కోసేటప్పుడు టూల్‌ని నడిపించే లీడ్ స్క్రూకి అంగుళానికి 4 మరలు. హైదరాబాద్ బాలానగర్‌లో ఇప్పుడు చేతికొచ్చే డ్రాయింగులన్నీ మిల్లీమీటర్లే. చిన్న సైజులు డై పెట్టి లాగించేస్తాం. 30 మి.మీ. షాఫ్ట్ మీద 1.5 పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం, మి.మీ.లో) మర కొయ్యమంటే మాత్రం జాబ్ పట్టుకుని పక్క షెడ్డుకు పోవాల్సిందే. దీనికి అందరికీ తెలిసిన మందు 127 పళ్ల ఛేంజ్ గేరు, అంటే స్పిండిల్‌కీ లీడ్ స్క్రూకీ మధ్య మార్చి వేసుకునే గేరు. 1959 నుంచి అంగుళమంటే సరిగ్గా 25.4 మి.మీ. దాన్ని అయిదు రెట్లు చేస్తే 127. అంతకంటే చిన్న అంకెలో ఇది తెగదు.

63 పళ్ల గేరుతో దగ్గర దగ్గరగా లాగించేవాళ్లున్నారు. మీటరు పొడవున 0.13 మి.మీ. లోపే తేడా వస్తుంది, మామూలు పనికి చాలు. కాకపోతే మా డివైడింగ్ హెడ్ (జాబ్‌ని సమాన భాగాలుగా తిప్పే పరికరం) ప్లేట్ల మీద 63 కూడా నేరుగా రాదు. అదే తంటా పడాలి. ఆ పడేదేదో 127కే పడదామని దిగాను.

బీడు (పోత ఇనుము) బిళ్లలు రెండు, వాడిన కట్టర్ ఒకటి, పక్కవాళ్ల డివైడింగ్ హెడ్ ఒకటి ఖర్చులోకి వచ్చాయి. మొదటి బిళ్ల పోయింది. ఎందుకు పోయిందో దశ 6లో ఉంది. తొందరలో ఉన్నవాళ్లు ముందు అది చదువుకోండి.

దశ 1: పాత గేరును కొలవడం

కొత్త గేరు పాతవాటితో కలిసి తిరగాలి కాబట్టి ముందు వాటి పంటి సైజు తేలాలి. లేత్‌తో వచ్చిన 40 పళ్ల గేరు తీసి కిరోసిన్‌తో కడిగాను. బయటి వ్యాసం 66.6 మి.మీ. 1.5 మాడ్యూల్ (మిల్లీమీటర్లలో పంటి సైజు) అయితే 63 ఉండాలి, కాబట్టి అది కాదు. 16 డీపీ (అంగుళాల్లో పంటి సైజు) లెక్కన, పళ్లకి 2 కలిపి 42ని 16తో భాగిస్తే 2.625 అంగుళాలు, అంటే 66.68. అదే ఇది.

ఇంకోటి తేలాలి, ప్రెషర్ యాంగిల్, అంటే పంటి చెంప వాలు. పాత మెషీన్లలో 14.5 డిగ్రీలు ఎక్కువ, కొత్త కట్టర్లు ఎక్కువగా 20. చూపుతో పట్టుకోలేం. నాలుగు పళ్ల మీదుగా వెర్నియర్ పెట్టి కొలిస్తే, రెండు కోణాలకీ రావలసిన కొలతల్లో తేడా 0.05 మాత్రమే. అరిగిన గేరులో ఆ 0.05 ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటుంది. అందుకని అరుగుదల అడ్డం రాని పద్ధతి పట్టుకున్నాను:

1. 4 పళ్ల మీదుగా కొలత: 17.12
2. 5 పళ్ల మీదుగా కొలత: 21.95
3. రెండింటి తేడా: 4.83

అరుగుదల రెండు కొలతల్లోనూ ఒకేలా ఉంటుంది, తీసివేతలో పోతుంది. 16 డీపీలో ఈ తేడా 14.5 డిగ్రీలకైతే 4.83, 20 డిగ్రీలకైతే 4.69 రావాలి. 14.5 అని తేలింది. నాలుగు చోట్ల తిప్పి కొలిచినా అదే వచ్చింది.

కొత్త గేరు లెక్కలు:
- బయటి వ్యాసం: 129/16 అంగుళాలు = 204.79 మి.మీ.
- పంటి లోతు: 2.157/16 అంగుళాలు = 3.42 మి.మీ.
- 11 పళ్ల మీదుగా కొలత: 51.78 మి.మీ.
- మందం 22, బోర్ 1 అంగుళం

ఇప్పటిదాకా: 3 గంటలు, ఖర్చు లేదు.

దశ 2: కట్టర్

ఫోన్లో "16 డీపీ, 2వ నంబర్, 14.5 డిగ్రీలు" అని చెప్పి సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాను. కొట్లో పొట్లం కట్టి ఇచ్చారు. అక్కడే విప్పి చూడకపోవడం నా తప్పు. షెడ్డుకొచ్చి చూస్తే దాని మీద 1.5 మాడ్యూల్, 14–16 పళ్లు అని ఉంది. తిరిగి తీసుకెళ్తే "రెండూ ఒకటే కదండీ" అన్నారు. ఒకటి కాదు. 16 డీపీ అంటే 1.5875 మాడ్యూల్.

ఇందులో ఇంకో మెలిక కూడా ఉంది. డీపీ కట్టర్లలో 1వ నంబర్ పెద్ద గేర్లకి, 8వ నంబర్ చిన్నవాటికి. మాడ్యూల్ కట్టర్లలో నంబర్లు తలకిందులు. డీపీలో 2వ నంబర్ 55 నుంచి 134 పళ్ల దాకా కోస్తుంది, మాడ్యూల్‌లో 2వ నంబర్ 14 నుంచి 16 దాకా. నంబర్ చెప్పి ఊరుకోకుండా కట్టర్ మీద కొట్టి ఉన్న పళ్ల సంఖ్య చదువుకోవాలి.

మూడో కొట్లో పాత సామానులో సరైనది దొరికింది. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్), 63.5 మి.మీ. వ్యాసం, అంచులు పదునుగానే ఉన్నాయి. 1,400 రూపాయలు.

దాని బోర్ 7/8 అంగుళం, అంటే 22.225. మా మిల్లింగ్ మెషీన్ ఆర్బర్ (కట్టర్ తొడిగే కడ్డీ) 22. చక్కగా ఎక్కేసింది, అదే చిక్కయింది. బిగించి, పళ్ల మీద డయల్ గేజ్ ఆనించి చేత్తో తిప్పితే 0.21 ఊగుతోంది. బీడు ముక్క మీద కోసి చూశాను. కట్టర్‌కి 12 పళ్లుంటే నాలుగే తింటున్నాయి. చప్పుడు కూడా కుంటివాడి నడకలా ఉంది. కోసిన గాడి కట్టర్ ఆకారం కంటే లావుగా వచ్చింది.

0.1 మి.మీ. ఇత్తడి షిమ్ (పల్చటి రేకు) బోర్ పొడవునా కత్తిరించి, ఆర్బర్ చుట్టూ ఒక్క చుట్టు వేశాను, అంచు మీద అంచు ఎక్కకుండా. ఊగుడు 0.04కి దిగింది. షిమ్ కీ దగ్గర ఆగిపోవాలి. మొదటిసారి కీ మీదుగా చుట్టేసి, చిరిగిపోతే మళ్లీ కత్తిరించుకున్నాను.

కట్టర్ 1,400, షిమ్ 60, రెండుసార్లు పెట్రోలు 240. ఇప్పటిదాకా: 7 గంటలు, 1,700 రూపాయలు.

దశ 3: డివైడింగ్ హెడ్ లెక్క

డివైడింగ్ హెడ్‌లో క్రాంక్ 40 చుట్లు తిరిగితే జాబ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. 127 భాగాలకి ఒక్కోసారి 40/127 చుట్టు తిప్పాలి. 127 ప్రధాన సంఖ్య కాబట్టి 127 రంధ్రాల ప్లేటైనా ఉండాలి, లేదా డిఫరెన్షియల్ ఇండెక్సింగైనా (ప్లేటు కూడా తిరిగే పద్ధతి) చేయాలి. మా దగ్గరున్నది చిన్న హెడ్. స్పిండిల్ వెనక గేరు తగిలించే షాఫ్ట్ దానికి లేదు. పక్క షెడ్డులో ఒకన్న దగ్గర యూనివర్సల్ హెడ్ ఉంది, గేర్లన్నీ పెట్టెలోనే ఉన్నాయి. సెంటర్ ఎత్తు 133 మి.మీ. మన బిళ్ల సగం వ్యాసం 102.4, కాబట్టి టేబుల్‌కి తగలదు. ఆదివారాలు మాత్రమే అన్న ఒప్పందం మీద ఇచ్చాడు.

లెక్క ఇది:

1. 127కి దగ్గరలో ప్లేటుతో తేలిగ్గా వచ్చే అంకె ఎంచుకోవాలి. నేను 120 తీసుకున్నాను. 40/120 అంటే చుట్టులో మూడో వంతు. 18 రంధ్రాల వరసలో 6 ఖాళీలు.
2. గేర్ల నిష్పత్తి: (120 − 127) × 40/120 = −7/3.
3. 7/3 అంటే 56/24. స్పిండిల్ మీద 56, వర్మ్ (క్రాంక్ తిప్పే మర) వైపు 24. రెండూ పెట్టెలో ఉన్నాయి.
4. మైనస్ ఉంది కాబట్టి క్రాంక్ ఒకవైపు తిరుగుతుంటే ప్లేటు రెండోవైపు తిరగాలి.

లోపల జరిగేది ఏమిటంటే, మూడో వంతు తిప్పితే 127కి కావలసినదాని కంటే కాస్త ఎక్కువ అవుతుంది. మనం క్రాంక్ తిప్పుతుంటే స్పిండిల్ తిరుగుతుంది, ఆ గేర్ల ద్వారా ప్లేటు వెనక్కి జరుగుతుంది. మన పిన్ను వెళ్లి పడాల్సిన రంధ్రం మనకి ఎదురొస్తుంది. ఆ ఎక్కువైనది అక్కడ తగ్గిపోతుంది. ఇది జరగాలంటే ప్లేటు స్వేచ్ఛగా తిరగాలి. మామూలు ఇండెక్సింగ్‌లో ప్లేటును వెనక నుంచి ఒక పిన్ను కదలకుండా పట్టుకుంటుంది. ఇందులో ఆ పిన్ను బయటికి లాగి ఉంచాలి. ఈ వాక్యం నేను నోట్‌బుక్కులో కూడా రాసుకున్నాను. రాసుకుని ఏం లాభమో దశ 6లో చూస్తారు.

ఇప్పటిదాకా: 9 గంటలు, 1,700.

దశ 4: కాగితం మీద ట్రయల్

బీడు మీద కత్తి పెట్టేముందు ఒక పాత పుల్లీకి తెల్ల కాగితం చుట్టి హెడ్ మీద ఎక్కించాను. కట్టర్ స్థానంలో పెన్సిలు. తిప్పడం, గీయడం, లెక్కపెట్టడం. ముప్పావు గంట పట్టింది. చివరి గీత వచ్చి మొదటి గీత మీద అచ్చంగా పడింది. సంబరంగా గీతలు లెక్కపెడితే 113.

రెండోసారి లెక్కపెట్టాను. 113 మాత్రమే.

మనసులో మొదట అన్న హెడ్‌ని తిట్టుకున్నాను. తర్వాత కాగితం తీసుకుని కూర్చుంటే విషయం బయటపడింది. 120 నుంచి 7 పోతే 113, 7 కలిస్తే 127. గేర్ల నిష్పత్తి సరైనదే, దిక్కే తప్పు. 56కీ 24కీ మధ్య నేను ఒక్క ఐడ్లర్ (మధ్యలో అందించే గేరు) పెట్టాను. మా హెడ్‌లో అలా పెడితే ప్లేటు క్రాంక్ వైపే తిరుగుతుంది. రెండో ఐడ్లర్ కలిపితే ఎదురు తిరుగుతుంది. ఇది హెడ్‌ని బట్టి మారుతుంది, కాబట్టి నా ఐడ్లర్ల లెక్క కాపీ కొట్టకండి. క్రాంక్‌ని కాస్త తిప్పి, ప్లేటు ఎటు పోతుందో కళ్లతో చూడండి.

దిక్కు తప్పినా చుట్టు సరిగ్గా మూసుకుంటుందన్నదే ఇందులో అసలు మోసం. చివరి గీత మొదటి గీత మీద పడిందా అని మాత్రమే చూసి ఊరుకుంటే 113 పళ్ల గేరు చేతికొచ్చేది.

రెండో ఐడ్లర్ వేసి మళ్లీ చుట్టాను. 127. మూసుకుంది కూడా.

చెయ్యి కుదరడానికి పనికొచ్చినవి:

1. 6 ఖాళీలంటే పిన్ను ఉన్న రంధ్రంతో కలిపి 7 రంధ్రాలు. సెక్టార్ ఆర్ములు (ప్లేటు మీద రంధ్రాల లెక్క చూపే రెండు చేతులు) అలా సర్దాలి. 6 రంధ్రాలకి సర్దితే ఒక ఖాళీ తగ్గుతుంది, జాబ్ మీద అర డిగ్రీ తేడా వస్తుంది.
2. క్రాంక్ ఎప్పుడూ ఒకేవైపు. రంధ్రం దాటిపోతే అర చుట్టు వెనక్కి పోయి మళ్లీ ముందుకు రావాలి. ఊరికే వెనక్కి జరిపి పిన్ను పడేస్తే వర్మ్‌లో ఉన్న ప్లే అంతా పంటి మీదికి ఎక్కుతుంది.
3. కోసేముందు స్పిండిల్ లాక్ బిగించాలి, తిప్పేముందు వదలాలి.

ఇప్పటిదాకా: 14 గంటలు, 1,700.

దశ 5: మొదటి బిళ్ల

215 మి.మీ. బీడు రౌండ్ నుంచి 28 మందంతో రెండు ముక్కలు కోయించాను. రెండూ కలిపి 14.6 కిలోలు, కిలో 120 చొప్పున 1,752. ఒక్కటే కోయించుకుంటే చాలనుకుని కూడా, ఎందుకో రెండు చెప్పాను.

లేత్ మీద ఒకే సెట్టింగ్‌లో బోర్, ఒక మొహం పూర్తి చేసి, మాండ్రిల్ (బోర్‌లో దూర్చే కడ్డీ) మీద ఎక్కించి బయటి వ్యాసం 204.8కి తెచ్చాను. అందంగా ఉంటుందని మధ్య భాగం కూడా అప్పుడే 12 మి.మీ.కి పల్చన చేశాను. అది తొందరపాటు. ఆ మాట కాసేపట్లో.

మిల్లింగ్ మెషీన్ మీద హెడ్‌కీ టెయిల్ స్టాక్‌కీ మధ్య బిళ్ల. డయల్ పెడితే బయటి అంచు 0.05 ఊగుతోంది. సరే అనుకున్నాను.

కట్టర్‌ని బిళ్ల నడినెత్తిన నిలబెట్టడం ముఖ్యం. హైట్ గేజ్‌ని సెంటర్ ఎత్తుకి పెట్టి బిళ్ల అంచు మీద గీత గీశాను. బిళ్లని సగం చుట్టు తిప్పి, గేజ్ ఎత్తు మార్చకుండా అవతలి వైపు నుంచి, మొదటి గీత దగ్గరే ఇంకో గీత. రెండు గీతలు పక్కపక్కన పడ్డాయి. పావు చుట్టు తిప్పి వాటిని పైకి తెచ్చి, కట్టర్‌ని నడుమ నిలబెట్టాను. నిర్ధారించుకోవడానికి లోతు తక్కువగా ఒక గాడి కోసి, మాండ్రిల్‌ని అటుది ఇటు తిప్పి బిగించి, అదే గాడిలోకి కట్టర్‌ని దింపాను. సెంటర్ సరిగ్గా ఉంటే గాడి రెండు చెంపల్నీ సమానంగా తాకాలి. నాది ఒక చెంపని పైన, రెండో చెంపని అడుగున గీకింది. కట్టర్ పక్కకి ఉంది. క్రాస్ స్లైడ్ 0.2 జరిపాక సమానమైంది. ఈ పరీక్ష చేయకపోతే పళ్లన్నీ గాలికి వంగిన చేనులా ఒకవైపు వాలి ఉండేవి.

వేగం: బీడుకి నిమిషానికి 18 మీటర్లు అనుకుంటే, 63.5 కట్టర్‌కి 90 చుట్లు. ఫీడ్ నిమిషానికి 45 మి.మీ. నూనె లేదు, బీడు పొడిగానే కోయాలి. నల్ల పొడి గాల్లో లేస్తుంది, మూతికి గుడ్డ కట్టుకోండి. గాలి గొట్టంతో ఊదితే అది స్లైడుల్లోకి పోయి కూర్చుంటుంది, బ్రష్షుతో ఊడ్చుకోండి.

లోతు రెండు విడతలు. మొదటిది 3.00, రెండోది మిగిలింది. నూనె అద్దిన పల్చటి కాగితం కట్టర్ కింద పెట్టి, అది లాక్కుపోయిన చోట సున్నా పెట్టుకున్నాను.

తొలి తొమ్మిది గాళ్లకే రెండు లోపాలు కనబడ్డాయి. కట్టర్ బయటికొచ్చే వైపు పంటి మూలలు బియ్యపు గింజంత ముక్కలుగా రాలుతున్నాయి. బీడుకి వెనక ఆసరా లేకపోతే అంతే. మధ్యలో పల్చన చేసిన బిళ్ల ఫీడ్ తోపుకి కొద్దిగా వంగుతూ గంటలా మోగుతోంది. ఫీడ్ 30కి తగ్గిస్తే మోత తగ్గింది, రాలడం ఆగలేదు. పంటి అందం కోసం కాదులే, పనిచేస్తే చాలని ముందుకు పోయాను.

ఇప్పటిదాకా: 22 గంటలు, 3,452.

దశ 6: 84వ పన్ను

ఆదివారం పొద్దున్నే మొదలెట్టాను. 20 గాళ్లు అయ్యాక 11 పళ్ల మీదుగా కొలిస్తే 52.0. మొదటి విడత లోతుకి 51.99 రావాలి. మధ్యాహ్నానికి 84 అయ్యాయి. చాక్‌తో పదేసికి ఒక గుర్తు పెట్టుకుంటూ వచ్చాను.

కరెంటు పోయింది. కట్టర్ గాడి బయటే ఉంది, అదృష్టం. భోజనానికి పోతూ, ఎవరైనా క్రాంక్ ముట్టుకుంటే సెట్టింగ్ పోతుందన్న భయంతో అన్నీ బిగించాను. స్పిండిల్ లాక్. మిల్లింగ్ టేబుల్‌ని మోసే ‘నీ’ (knee) లాక్. ప్లేట్ వెనక పిన్ను.

గంటన్నర తర్వాత కరెంటొచ్చింది. స్పిండిల్ లాక్ వదిలి క్రాంక్ తిప్పితే బిగుసుగా ఉంది. చల్లబడి గ్రీజు బిగిసిందనుకుని బలంగా లాగాను. ఏదో టక్కుమంది, క్రాంక్ తిరిగింది. పిన్ను రంధ్రంలో పడింది. కోశాను. తర్వాతది తేలిగ్గా తిరిగింది, అంతకు ముందెన్నడూ లేనంత తేలిగ్గా. ఆరు కోశాను.

హెడ్ ఎలా నడుస్తోందో చూద్దామని అన్న వచ్చాడు. ఒక నిమిషం చేతులు కట్టుకుని చూశాడు.

"ప్లేట్ తిరుగుతలేదు. వెనక పిన్ తీసినవా తమ్మీ?"

తీయలేదు. ప్లేటు లాక్ చేసి ఉంది, అది గేర్ల ద్వారా స్పిండిల్‌కి ముడిపడి ఉంది. నేను బలంగా లాగేసరికి ఐడ్లర్ బోల్టు బ్రాకెట్ గాడిలో కిందికి జారి గేర్లు విడిపోయాయి. ఆ టక్కుమన్నది అదే. అక్కణ్నుంచి నేను కోస్తున్నది 127 భాగాలు కాదు, సాదా 120 భాగాలు. పంటికి 0.29 మి.మీ. ఎక్కువ, ఆరు పళ్లకి 1.75. వెర్నియర్ పెడితే 52.0 రావలసినచోట 53.7.

"ఇగ దీన్ని ఏం జేస్తరన్నా?" అన్నాను.

"పక్కన పెట్టు. ముందు నా గేర్లు చూడు, పళ్లు ఇరిగినయేమో."

విరగలేదు. 24 పళ్ల గేరుకి ఒక పన్ను కొస కొంచెం నలిగింది, ఆకురాయితో సాపు చేసి ఇచ్చాను. ఆరు గాళ్లు తప్పిన బిళ్లని బాగుచేసే దారేదీ లేదు.

ఎవరైనా ముట్టుకుంటారని భయపడ్డాను. చివరికి ముట్టుకున్నది నేనే. క్రాంక్ బిగిస్తే ఆగి చూడాలి, లాగకూడదు. ఆగి చూసి ఉంటే పిన్ను తీయడంతో సరిపోయేది.

ఇప్పటిదాకా: 26 గంటలు, 3,452. గేర్లు: సున్నా.

దశ 7: రెండో బిళ్ల

ఈసారి మార్చినవి, ఎందుకు మార్చానో కూడా:

1. మధ్య భాగం పల్చన చేయలేదు. పళ్లు కోశాకే ఆ పని.
2. మందం 22కి బదులు 23.5 ఉంచాను. మూలలు రాలే వైపు తర్వాత 1.5 చెక్కేస్తే రాలిన భాగం దాంతోపాటే పోతుంది.
3. చెడిపోయిన మొదటి బిళ్లని లేత్ మీద 198కి తిప్పి, అంటే పళ్ల అడుగు దాకా, కొత్త బిళ్లకి వెనక ఆసరాగా అదే మాండ్రిల్ మీద బిగించాను. అది హెడ్ వైపు ఉంటుంది, ఫీడ్ తోపు కూడా హెడ్ వైపే. తోపు టెయిల్ స్టాక్ వైపు పోతే సెంటర్ వదులవుతుంది.
4. ప్లేట్ వెనక పిన్నుని బయటికి లాగి, దాని మీద ఎర్ర ఇన్సులేషన్ టేపు నాలుగు చుట్లు వేశాను. ఇప్పుడు పెట్టాలన్నా పోదు.
5. ఐడ్లర్ బోల్టు దగ్గర బ్రాకెట్ మీద సూదితో గీత గీశాను. బోల్టు జారితే గీత తప్పి కనబడుతుంది.
6. లోతుకి దిగేముందు 0.1 లోతుతో చుట్టూ 127 గీతలు. 50 నిమిషాలు పట్టింది. 127వ గీతకి 126వది ఎంత దూరమో మొదటిదీ అంతే దూరం.

మోత పూర్తిగా పోయింది. ఫీడ్ మళ్లీ 45కి పెంచాను. గాడికి నిమిషంన్నర చొప్పున మొదటి విడత 3 గంటల 10 నిమిషాలు. మధ్యలో టీ కూడా మెషీన్ పక్కనే. 60 గాళ్ల దగ్గర కొలత 51.98, 120 దగ్గర 52.00.

రెండో విడత మొదలెట్టి, 3.42 లోతుకి 12 గాళ్లు కోసి కొలిచాను. 51.80. లెక్క ప్రకారం 51.78, కాని పళ్ల మధ్య కాస్త ప్లే కోసం 51.73 కావాలి. ఈ కోణంలో లోతు 0.1 పెంచితే 11 పళ్ల కొలత 0.05 తగ్గుతుంది. తగ్గాల్సింది 0.07, అందుకని 0.14 పైకెత్తాను. ‘నీ’ని ఎత్తేటప్పుడు ఎప్పుడూ కింద నుంచి పైకే రావాలి. ఎక్కువైతే ఒక చుట్టు దింపి మళ్లీ ఎత్తాలి. ఆ 12 గాళ్లూ మళ్లీ కోసి, మిగిలినవన్నీ పూర్తి చేశాను.

అయిదు చోట్ల కొలతలు: 51.72, 51.74, 51.73, 51.75, 51.72.

చివరి పన్నూ మొదటి పన్నూ పక్కపక్కన పెట్టి చూస్తే 0.03 లోపు. బిళ్ల ఊగుడు 0.04. మూలలు రాలిన వైపు 1.5 చెక్కేశాక ఒక్క పన్ను మీద మాత్రం చిన్న చిప్ప మిగిలింది. పనికి అడ్డం రాదు. కీవే (కీ కూర్చునే గాడి) స్లాటింగ్‌కి బయట ఇచ్చాను, 150.

ఇప్పటిదాకా: 41 గంటలు, 3,602. గేర్లు: ఒకటి.

దశ 8: లేత్ మీద

మా 4 మరల లీడ్ స్క్రూకి లెక్క తేలిక. పిచ్‌ని 20తో గుణిస్తే వచ్చేది స్పిండిల్ వైపు గేరు, లీడ్ స్క్రూ మీద 127. 1 పిచ్‌కి 20, 1.5కి 30, 1.75కి 35, 2కి 40, 2.5కి 50. మధ్యలో అందడానికి ఏదో ఒక ఐడ్లర్.

40 పళ్ల గేరు పెట్టి, 25 మి.మీ. రాడ్ మీద 2 పిచ్ మర మొదలెట్టాను. మొదటి కోత బాగుంది. అలవాటుగా హాఫ్ నట్ (క్యారేజీని లీడ్ స్క్రూకి కలిపే నట్టు) తెరిచి క్యారేజీ వెనక్కి తెచ్చి, మర డయల్ (నట్టు మళ్లీ ఎప్పుడు వేయాలో చూపేది) చూసి మళ్లీ వేశాను. రెండో కోత మొదటి మరకి సరిగ్గా మధ్యలో పడింది. ఇంచుల లీడ్ స్క్రూ మీద మిల్లీమీటరు మర కోస్తున్నప్పుడు ఆ డయల్ పనికిరాదు. పని అయ్యేదాకా హాఫ్ నట్ తెరవకూడదు. టూల్ వెనక్కి లాగి, మోటారు రివర్సులో తిప్పి క్యారేజీ తెచ్చుకోవాలి. చదివి తెలిసిన సంగతే. చేతికి తెలియలేదు.

రెండో రాడ్ అలా కోశాను. 50 పిచ్‌ల దూరం 100.03. ఇన్నాళ్లూ ఇలాంటి మరకి దగ్గరగా ఉంటుందని అంగుళానికి 13 పెట్టి కోసేవాళ్లం. దాంతో అదే దూరం 97.7 వస్తుంది. పొట్టి నట్టు ఎలాగోలా ఎక్కేది గానీ, పొడుగు నట్టు సగంలో పట్టేసేది. కొత్త మర మీద 40 మి.మీ. పొడుగు నట్టు చివరిదాకా వేళ్లతో తిరిగింది.

మోత ఉంది. పాత 40 గేరు అరిగి ఉండటం, కొత్తది కొత్తగా ఉండటం. గేర్ల మధ్య కాగితం ముక్క పెట్టి ప్లే సర్దితే చాలా తగ్గింది. ఇక లేత్ పక్క మూత మూసుకోవడం లేదు. 205 మి.మీ. గేరు వస్తుందని ఆ మూత చేసినవాళ్లు అనుకోలేదు. మూతకి 30 మి.మీ. స్పేసర్లు పెట్టి బయటికి జరిపాను. మూత లేకుండా నడపొద్దు, లుంగీ అంచైనా చొక్కా చెయ్యైనా అటే పోతుంది.

రాడ్లకి 120. మొత్తం: 46 గంటలు, 3,722 రూపాయలు.

హాబింగ్ షాపులో (గేర్లు కోసే మెషీన్ ఉన్న చోట) ఒక్క గేరుకి 2,500 అడిగారు, సెట్టింగుతో కలిపి. డబ్బు లెక్కలో నేను నష్టంలోనే ఉన్నాను, 46 గంటల మాట సరేసరి. కట్టర్ మాత్రం మిగిలింది. 55 నుంచి 134 పళ్ల దాకా ఈ లేత్‌కి ఏ గేరు కావాలన్నా అదే కోస్తుంది.

చెడిపోయిన మొదటి బిళ్ల 198 మి.మీ. మిగిలింది. 16 డీపీలో 100 పళ్ల గేరుకి 161.9 చాలు. దాన్ని ఆ సైజుకి తిప్పి పెట్టాను, వచ్చే ఆదివారం కోస్తాను. 40/100 అంటే 20 రంధ్రాల వరసలో 8 ఖాళీలు, గేర్లేమీ అక్కర్లేని మామూలు ఇండెక్సింగ్. ఎర్ర టేపు విప్పి, ఈసారి ప్లేట్ వెనక పిన్ను లోపలికి పెట్టాలి.